రేస్ కారుకు పాలీకార్బొనేట్ అద్దాలు: కొలత నుంచి బిగింపు దాకా

మహారాష్ట్రలోని చంద్రాపూర్, బల్లార్షా, సిరొంచ వైపు నుంచి పదే పదే వచ్చే ప్రశ్న ఇది: "గాజు తీసేసి పాలీకార్బొనేట్ వేశాం, ఒక్క ఎండాకాలం గడిచేసరికి బోల్టుల చుట్టూ చీలికలొచ్చాయి. షీటు నాసిరకమా?" పాలీకార్బొనేట్ అంటే గాజులా పారదర్శకంగా ఉండే గట్టి ప్లాస్టిక్. చాలాసార్లు షీటు మంచిదే. అంచు నున్నగా చేయకపోవడం, బోల్టుకు బిగుతుగా బెజ్జం వేయడం, తర్వాత థిన్నర్ గుడ్డతో తుడవడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. సుత్తి దెబ్బ తట్టుకునే షీటు కూడా వీటికి లొంగిపోతుంది. అందుకే ఇక్కడ కోత గురించి కొంచెం, అంచులూ బెజ్జాల గురించి బోలెడు ఉంటుంది.

1. షీటు కొనకముందే తేల్చుకోవాల్సినవి

మీరు దిగబోయే రేసు తరగతి (క్లాస్) నిబంధనల పుస్తకం ముందు తెరవండి. ఏ అద్దం మార్చొచ్చు, కనీస మందం ఎంత, డ్రైవరు వైపు కిటికీ తెరుచుకోవాలా, కిటికీకి వల (నెట్) ఉండాలా అన్నవి అందులోనే ఉంటాయి. 3 మి.మీ. వేసుకున్నాక 4 మి.మీ. కావాలని రేసుకు ముందు జరిగే తనిఖీలో తేలితే షీటు డబ్బు, రెండు రోజుల పని గంగపాలు.

ముందు విండ్‌షీల్డ్ జోలికి పోవద్దు. చాలా తరగతుల్లో అక్కడ నడుమ ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజే ఉండాలి. నిబంధన ఒప్పుకున్నా, హార్డ్ కోటింగ్ (గీతలు పడకుండా వేసే గట్టి పొర) లేని పాలీకార్బొనేట్ మీద వైపర్ తిరిగితే ఒకటి రెండు వానలకే ఎదురెండలో దారి కనబడదు.

ఇలా మార్చిన కారు రోడ్డు మీద నడపడానికి కాదు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు 1989లోని 100వ నిబంధన అద్దాలు భద్రతా ప్రమాణానికి తగినట్టు ఉండాలంటుంది. షెడ్డులో కోసిన షీటుకు ఆ ముద్ర ఉండదు. కారును ట్రాక్‌కు క్యారియర్ మీద తీసుకెళ్లండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. ప్రమాదంలో లోపల ఇరుక్కుంటే గాజు పగలగొట్టే సుత్తి పాలీకార్బొనేట్ మీద పనిచేయదు. తలుపు జామైతే ఏ కిటికీ నుంచి బయటపడాలో ఇప్పుడే నిర్ణయించి, ఆ కిటికీకి చేత్తో ఊడదీయగలిగే బిగింపు పెట్టండి.

2. ఏ షీటు, ఎంత మందం

దుకాణంలో పాలీకార్బొనేట్ అంటే ముందు చూపించేది షెడ్ల పైకప్పుకు వేసే డొల్ల షీటు. అది పనికిరాదు. సాలిడ్ లేక కాంపాక్ట్ షీటు అడగండి. 4×8 అడుగుల సైజు, అంటే 1220×2440 మి.మీ., మామూలుగా దొరుకుతుంది. చంద్రాపూర్‌లో లేకపోతే నాగపూర్ లేదా హైదరాబాద్ నుంచి తెప్పించుకోవచ్చు.

- పక్క కిటికీలకు, నిబంధన వేరేగా చెప్పకపోతే: 3 మి.మీ. లేదా 4 మి.మీ.
- వెనుక అద్దానికి: 4 మి.మీ. వెడల్పు ఎక్కువ కాబట్టి 3 మి.మీ. వేగంలో రెపరెపలాడుతుంది.
- పాత రబ్బరు చానల్‌లోనే దించాలనుకుంటే: పాత గాజు మందం కొలిచి దానికి దగ్గరి మందం.

4 మి.మీ. గాజు చదరపు మీటరుకు సుమారు 10 కిలోలు. అదే మందం పాలీకార్బొనేట్ 4.8 కిలోలు. 3 మి.మీ. అయితే 3.6 కిలోలు. బరువు లెక్క అంతే. సన్నది వేసి ఇంకో కిలో మిగిల్చుకుందామనుకుంటే ఆ కిలో బ్రేసుల (ఆసరా పట్టీల) రూపంలో తిరిగొస్తుంది.

వెర్నియర్ (మందం కొలిచే పరికరం) వెంట తీసుకెళ్లి నాలుగు మూలలా కొలవండి. 3 అని చెప్పి అంతకన్నా పలుచనిది అంటగట్టడం కొత్తేమీ కాదు.

యాక్రిలిక్‌ను పాలీకార్బొనేట్ అని ఇచ్చే దుకాణాలూ ఉన్నాయి. యాక్రిలిక్ కూడా పారదర్శకమే, కానీ పెళుసు ప్లాస్టిక్. చిన్న ముక్క అడిగి పట్టకారుతో పట్టి గట్టిగా వంచండి. యాక్రిలిక్ పెళుక్కున విరుగుతుంది, పాలీకార్బొనేట్ వంగి మడతపడుతుంది. అగ్గి చూపిస్తే యాక్రిలిక్ ఆగకుండా మండుతుంది. పాలీకార్బొనేట్ నల్లటి మసి వదిలి, మంట తీయగానే చాలావరకు దానంతటదే ఆరిపోతుంది. విరిగే ముక్క ఇచ్చిన దుకాణంలో రెండోసారి బేరం పెట్టొద్దు.

ఎండ తట్టుకునే యూవీ పొర కొన్ని షీట్లకు ఒకవైపే ఉంటుంది. ఆ వైపు ఏదో పై ఫిల్ము మీద రాసి ఉంటుంది. దుకాణంలోనే దాని మీద "బయట" అని పెద్దక్షరాలతో రాసుకోండి. షీటు రెండుగా కోశాక ఏ ముక్క ఎటో గుర్తుండదు.

తెచ్చేటప్పుడు వదులుగా చుట్టండి. తాడు అంచును కోయకుండా గోనె అడ్డం పెట్టండి. ఇంటికి రాగానే విప్పి నీడలో పరచండి. ఫిల్ముతో సహా ఎండలో వదిలేస్తే జిగురు కాలి షీటుకు పట్టేస్తుంది, తీయడం నరకం.

3. చేతిలో ఉండాల్సినవి

- జిగ్‌సా, అంగుళానికి 10–14 పళ్ళున్న కొత్త బ్లేడ్లు మూడు
- ట్రిమ్ రౌటర్, బేరింగ్ ఉన్న కార్బైడ్ బిట్ (ఉంటే పని సగమవుతుంది)
- స్టెప్ డ్రిల్ (మెట్లు మెట్లుగా లావయ్యే బిట్)
- సన్న పళ్ళ చదును ఆకురాయి, ఒక సగం గుండ్రటిది
- 120, 240, 400, 600 నంబర్ల నీటి ఎమరీ
- 3 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన బోర్డు) లేదా హార్డ్‌బోర్డు, టెంప్లేట్ (నమూనా అచ్చు) కోసం
- జి క్లాంపులు ఆరు, వాటి కింద పెట్టడానికి చెక్క ముక్కలు
- ఎం5 (5 మి.మీ.) బటన్ హెడ్ బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉండి వదులు కానివి), వెడల్పు వాషర్లు, ఈపీడీఎం రబ్బరు వాషర్లు
- కళ్ళద్దాలు, మాస్కు

వాషర్ల దగ్గర పొదుపు చేయొద్దు. మెత్తటి పీవీసీ వాషర్‌లోని నూనెలాంటి పదార్థం మెల్లగా షీటులోకి దిగి సన్న చీలికలు తెస్తుంది. చూడ్డానికి ఈపీడీఎంలాగే ఉంటుంది కాబట్టి అడిగి తీసుకోండి.

4. టెంప్లేట్

నేరుగా షీటు మీద కొలిచి గీయడం తప్పు. పాత గాజు ఉంటే దాన్ని ఎండీఎఫ్ మీద పెట్టి గీయండి. గాజు వంపుగా ఉంటే దాని మీద మందపాటి కాగితం టేపుతో అంటించి, అంచు వెంట కోసి, ఆ కాగితాన్ని ఎండీఎఫ్ మీద పరచండి.

గాజు లేకపోతే అట్టపెట్టె పట్టీలను కిటికీ చట్రం వెంట ఒక్కొక్కటీ ఆనించి, ఒకదానికొకటి జిగురు గన్‌తో అతికించండి. నడుమ అడ్డంగా రెండు పట్టీలు వేస్తే బయటికి తీసినప్పుడు ఆకారం చెదరదు.

ఇప్పుడు టెంప్లేట్‌ను కారుకు పెట్టి చుట్టూ ఖాళీ చూడండి. ప్రతి వైపు 3 మి.మీ. వదలాలి. ఎందుకంటే చాందా (చంద్రాపూర్) ఎండల్లో, మేలో 46, 47 డిగ్రీలున్నప్పుడు, నిలిపిన కారు మీది షీటు 70 డిగ్రీలకు చేరడం మామూలే. పాలీకార్బొనేట్ డిగ్రీకి మీటరుకు సుమారు 0.065 మి.మీ. సాగుతుంది, ఉక్కు 0.012 మాత్రమే. 25 డిగ్రీల్లో బిగించిన 1200 మి.మీ. వెనుక అద్దం 70 డిగ్రీల్లో దాదాపు మూడున్నర మి.మీ. పెరుగుతుంది. చట్రం పెరిగేది అర మి.మీ.కి కాస్త పైన. మిగతా మూడు మి.మీ.కి చోటు లేకపోతే షీటు ఉబ్బుతుంది, లేదా బెజ్జం దగ్గర చీలుతుంది.

లోపలి మూలలు ఎక్కడా పదునుగా ఉండకూడదు. కనీసం 8 మి.మీ. అర్ధ వ్యాసం పెట్టండి.

5. కోత

ఫిల్ము తీయకుండానే కోయాలి. గీత ఫిల్ము మీద మార్కర్‌తో గీయండి. స్క్రైబర్ (గీరే సూది) వద్దు, అది గీసిన చోటే రేపు చీలిక మొదలవుతుంది.

5.1. షీటును బల్ల మీద పరచి, కోసే గీతకు 30–40 మి.మీ. దూరంలో క్లాంపులు వేయండి. ఊగే షీటు అంచు పెచ్చులూడుతుంది.

5.2. మూలల్లో ముందు బెజ్జం వేసి, గీతలను ఆ బెజ్జంలోకి తీసుకెళ్లి కలపండి. జిగ్‌సాను మూలలో బలవంతంగా తిప్పొద్దు.

5.3. గీతకు బయట 2–3 మి.మీ. వదిలి కోయండి. జిగ్‌సా ఊగే సెట్టింగ్ సున్నాలో, వేగం మధ్యస్థంగా ఉండాలి.

5.4. బ్లేడు వెనుక పొట్టు ఎలా వస్తోందో చూస్తూ ఉండండి. పొడిగా రాలితే సరే. తీగలుగా సాగుతోందంటే కరుగుతోందని అర్థం. వేగం తగ్గించండి, బ్లేడు మార్చండి. ఆగి ఆగి కోసినా బ్లేడు నిలిచిన చోట వేడెక్కి వెనుక గీత అతుక్కుపోతుంది.

5.5. టెంప్లేట్‌ను షీటుకు రెండువైపులా అంటుకునే టేపుతో అతికించి, బేరింగ్ బిట్‌తో రౌటర్ నడిపి మిగిలింది చెక్కేయండి. రౌటర్ లేకపోతే ఆకురాయితో గీత దాకా దించాలి. అరపూట పని, అయినా ఫలితం అదే.

గ్రైండర్ చక్రంతో కోయొద్దు, అంచు కరిగి ముద్దవుతుంది. గాజులా గీరి విరవడం కూడా కుదరదు. బోర్డులు చేసే దుకాణాల్లో లేజర్ ఉంటుంది కదా అంటారు. యాక్రిలిక్‌కు లేజర్ భేషుగ్గా ఉంటుంది. పాలీకార్బొనేట్ అంచు మాత్రం పసుపెక్కి మాడుతుంది. అదే దుకాణంలో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రౌటర్ ఉంటే టెంప్లేట్ ఇచ్చి కోయించుకోండి, అది మంచి దారి.

6. అంచులు

ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. రంపం పళ్ళు వదిలిన ప్రతి గాటూ చీలికకు ఆరంభమే.

ఆకురాయిని అంచుకు అడ్డంగా కాకుండా అంచు వెంట పొడుగునా లాగండి. రంపం గీతలన్నీ పోయాక హాక్సా బ్లేడు వీపును నిటారుగా పట్టి అంచు మీద లాగితే సన్న చుట్టలుగా ప్లాస్టిక్ లేస్తుంది, అంచు ఒక్కసారిగా నునుపెక్కుతుంది. తర్వాత ఎమరీని చదునైన చెక్కకు చుట్టి, నీళ్ళతో 120, 240, 400, 600 వరుసలో రుద్దండి. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది పట్టుకోండి.

రెండు వైపులా పదును పోయేలా అర మి.మీ. ఏటవాలు ఇవ్వండి. చివరగా కళ్ళు మూసుకుని గోరును అంచంతా నడిపించండి. కంటికి కనిపించని గాటు గోటికి తగులుతుంది. తగిలిన చోట మళ్ళీ 240 నుంచి.

అంచు మెరవాలని మంట చూపించడం, రసాయనం పూయడం యాక్రిలిక్ అలవాట్లు. వాటిని ఇక్కడికి తేవొద్దు. మసక అంచుకు తనిఖీలో ఎవరూ మార్కులు తగ్గించరు.

7. వంపు

పక్క కిటికీలు చాలావరకు చల్లగానే వంగుతాయి. ఎంతవరకూ అన్నదానికి లెక్క ఉంది. మామూలు షీటుకు వంపు అర్ధ వ్యాసం మందానికి కనీసం 100 రెట్లు, యూవీ పొర ఉన్న షీటుకు 175 రెట్లు. అంటే 4 మి.మీ.కి 400 లేదా 700 మి.మీ. షీటు తయారీదారు కాగితంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే దాన్నే పాటించండి. హార్డ్ కోటింగ్ ఉన్నదాన్ని వంచితే కోటింగ్ చిట్లుతుంది.

మీ కిటికీ వంపు కొలవడానికి పాత గాజు లోపలివైపు 600 మి.మీ. స్కేలు అడ్డంగా పెట్టి నడుమ లోతు చూడండి. 600ను 600తో గుణించి, లోతుకు 8 రెట్లతో భాగించి, లోతులో సగం కలపండి. లోతు 40 మి.మీ. వస్తే అర్ధ వ్యాసం సుమారు 1145 మి.మీ. భయం లేదు.

వెనుక అద్దం మూలల్లో లోతుగా తిరిగి ఉంటే చల్లగా లాగి బోల్టులతో కట్టేయొద్దు. అచ్చు పోసిన రెడీమేడ్ అద్దం కొనడమే మేలు. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో పాత గాజు మీద వేసి వంచుదామనే వాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాలీకార్బొనేట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. 120 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టకుండా వంచే వేడికి తీసుకెళ్తే షీటు లోపల బుడగలు లేస్తాయి. వానాకాలంలో మరీను. హీట్ గన్‌తో చేసే వంపు ఎప్పుడూ అలలు అలలుగానే వస్తుంది.

8. బెజ్జాలు

పైన వేసిన లెక్కనే ఇక్కడికి తెండి. నడుమ నుంచి చివరకు 600 మి.మీ. అయితే ఆ చివర బోల్టు దగ్గర షీటు చట్రం కన్నా దాదాపు ఒకటిన్నర మి.మీ. జరుగుతుంది. ఎం5 బోల్టుకు 8 మి.మీ. బెజ్జం వేస్తే చుట్టూ సరిగ్గా ఒకటిన్నర మి.మీ. ఖాళీ దొరుకుతుంది. చిన్న పక్క కిటికీలకు 7 మి.మీ. చాలు.

- బెజ్జం కేంద్రం అంచు నుంచి కనీసం బెజ్జం వ్యాసానికి రెండింతలు. 8 మి.మీ.కి 16, వీలైతే 20.
- బెజ్జానికీ బెజ్జానికీ 100–125 మి.మీ.
- ప్రతి మూలకు రెండువైపులా ఒక్కొక్కటి. సరిగ్గా మూలలో వద్దు.

గాజు అతికించే చట్రం పట్టీ కొన్ని కార్లలో సన్నగా ఉంటుంది, 16 మి.మీ. లోపలికి వస్తే బోల్టుకు ఇనుమే ఉండదు. అప్పుడు షీటును అంచుకు దగ్గరగా గుచ్చడం పరిష్కారం కాదు. పట్టీ లోపలి వైపు అల్యూమినియం చెవులు రివెట్ చేసి వాటికి బిగించండి, లేదా ఎం4 బోల్టు, 6 మి.మీ. బెజ్జానికి దిగండి. అప్పుడు 12 మి.మీ. చాలు.

కింద చెక్క పెట్టి, షీటును దానికి గట్టిగా క్లాంపు చేసి, స్టెప్ డ్రిల్‌తో మెల్లగా వేయండి. మామూలు డ్రిల్ బిట్ చివర్లో షీటును కొరికి పైకి లాగుతుంది, పెచ్చు లేస్తుంది. చల్లార్చడానికి నీళ్ళు చాలు, కటింగ్ ఆయిల్ వద్దు. తర్వాత రెండువైపులా చేత్తో అర మి.మీ. ఏటవాలు, లోపల 400 ఎమరీ చుట్టిన పుల్ల. బెజ్జం కూడా అంచే.

9. బిగింపు

ఉదయం చల్లపూటో, నీడలోనో బిగించండి. మిట్టమధ్యాహ్నం సాగి ఉన్న షీటుకు బోల్టులు వేస్తే డిసెంబరు తెల్లవారుజామున అది ముడుచుకుని బోల్టుల్ని లాగుతుంది.

వరుస ఇది: బోల్టు, ఇనుప వాషర్, ఈపీడీఎం వాషర్, షీటు, మళ్ళీ ఈపీడీఎం, చట్రం, నైలాక్ నట్. పైన నడుమ నుంచి మొదలెట్టి రెండు చివర్లకు, తర్వాత కింద. అన్నీ వేళ్ళతో పట్టించాకే స్పానర్ పట్టండి.

రబ్బరు వాషర్ ఆనిన తర్వాత పావు చుట్టు, అంతే. బోల్టు ప్రతిదీ బెజ్జం నడుమ ఉందో లేదో కింద నుంచి చూడండి.

- కౌంటర్‌సంక్ స్క్రూ వద్దు. దాని తల మేకులా దిగి బెజ్జాన్ని చీలుస్తుంది.
- నేరుగా పాప్ రివెట్ వద్దు. లోపల ఉబ్బి అదే పని చేస్తుంది.
- నట్టు వదులు కాకుండా పూసే థ్రెడ్ లాకర్ ద్రవం షీటుకు తగిలితే చీలికలు ఖాయం. నైలాక్ నట్ వాడమన్నది అందుకే.
- వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. న్యూట్రల్ రకం, అదీ పాలీకార్బొనేట్‌కు సరిపోతుందని ట్యూబు మీద రాసి ఉన్నదే.

వేగంలో క్యాబిన్ లోపలి గాలి వెనుక అద్దాన్ని బయటికి నెడుతుంది. బయటివైపు నిలువుగా రెండు అల్యూమినియం పట్టీలు, 25 మి.మీ. వెడల్పువి, కింద సన్న రబ్బరుతో వేయండి. పట్టీ చివర్లు చట్రానికి బిగించాలి, షీటుకు కాదు.

డ్రైవరు కిటికీలో గాలి రంధ్రం కోస్తే అదీ గుండ్రటి మూలలతోనే, దాని అంచూ 600 దాకా.

10. నల్ల అంచు, తుడవడం

చుట్టూ నల్ల పట్టీ కావాలంటే వినైల్ స్టిక్కర్ వేసేయండి. స్ప్రే పెయింటు వేయాలనే ఉంటే రిమోట్ కార్ల బాడీలకు వాడే పాలీకార్బొనేట్ రంగు మాత్రమే. మామూలు లాక్కర్ పెయింటులోని థిన్నర్ షీటును తినేస్తుంది.

బొగ్గు గనులు, సిమెంటు కర్మాగారాల దుమ్మున్న ఊళ్ళో పొడిగుడ్డతో తుడవడం అంటే అద్దాన్ని ఎమరీతో రుద్దడమే. ముందు నీళ్ళు ధారగా పోసి దుమ్ము కడగండి, తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ, గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా షాంపూ. జిగురు మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెట్రోలు, థిన్నర్, అసిటోన్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ ఏవీ దగ్గరికి రానీయొద్దు.

11. తేడా కనిపిస్తే

*బెజ్జం చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు.* బోల్టు బిగుతు లేదా రసాయనం. బోల్టు వదులు చేసి, వాషర్ రకం చూడండి. ఆ గీతలు మాత్రం పోవు, పెరుగుతున్నాయేమో గమనించి షీటు మార్చండి.

*అంచు నుంచి లోపలికి ఒకే చీలిక.* గాటు మిగిలిపోయింది. చీలిక కొసన 3 మి.మీ. బెజ్జం వేస్తే ఆ రోజు పోటీ గడుస్తుంది, ఆ తర్వాత కొత్తది కోయాలి.

*మధ్యాహ్నం ఉబ్బు, సాయంత్రం మామూలు.* చుట్టూ ఖాళీ చాలలేదు. తీసి, ఏ వైపు చట్రానికి తాకుతోందో చూసి అక్కడ చెక్కండి. అంచు మళ్ళీ 600 దాకా రుద్దాలి.

*వేగంలో డబడబ చప్పుడు.* నడుమ ఆసరా లేదు. బోల్టులు బిగించడం మందు కాదు, పట్టీ వేయండి.

*మసక.* పైపై గీతలైతే ప్లాస్టిక్ పాలిష్. యూవీ పొర ఉన్న వైపు ఎమరీ పెడితే ఆ పొర పోయి కొన్నాళ్ళకు పసుపెక్కుతుంది.

12. తనిఖీకి ముందు

- యూవీ వైపు బయటకే ఉందా
- చుట్టూ 3 మి.మీ. ఖాళీలోకి కార్డు ముక్క దూరుతోందా
- ప్రతి రబ్బరు వాషర్ వేలితో కొద్దిగా తిరుగుతోందా
- సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంటే ఊడదీసే కిటికీ బిగింపు చేతికి అందుతోందా
- మందం అడిగితే చూపించడానికి అదే షీటు ముక్క ఒకటి పనిముట్ల పెట్టెలో ఉందా